ప్రశ్నలు మా ఊళ్లో, పట్టా మీ చేతిలో – ఇదేం విస్తరణ?

మత్స్య విస్తరణ అని ఒక చదువు ఉంది. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ అందులో డాక్టరేట్ ఇస్తుంది. దానికి కాకినాడలోనూ కేంద్రం ఉంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991లో మత్స్య కళాశాల పెట్టారు. మత్స్య విశ్వవిద్యాలయం కోసం 2020లో రాష్ట్రం చట్టమే చేసింది. చదువుకు మేము వ్యతిరేకం కాదు. ఆ చదువు ఎవరి గడప తొక్కుతోందన్నదే మా ప్రశ్న.

విస్తరణ రైతుకు కొత్త మాట కాదు. పరిశోధనలో తేలింది పొలానికి చేర్చాలి, పొలంలో కష్టం పరిశోధకుడికి చేర్చాలి. రెండో సగాన్ని ఎప్పుడూ గాలికి వదిలేస్తారు.

చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటిదని ఏ ప్రభుత్వం వచ్చినా చెప్పుకుంటుంది. నిజమే. కానీ ఆ గొప్పలో ఎక్కువ వాటా చెరువులది. ధరణికోట దగ్గర కృష్ణలో వల వేసే కుటుంబం ఆ గొప్పలో ఎక్కడుంది? పైన పులిచింతల, కింద ప్రకాశం బ్యారేజీ. గేట్లు ఎత్తితే వల కొట్టుకుపోతుంది. ఇసుక తోడేస్తే చేప గుడ్లు పెట్టే చోటు పోతుంది.

సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఆ కాలానికి ఇచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. సంతోషం. మరి వరద రోజుల్లో నదిలో పడవ దించలేనివాడి మాటేమిటి? ఆ భృతి అతనికి రాదు. ఏడాదికి ఎన్ని రోజులు పని పోతోందో, ఎంత అప్పు అవుతోందో లెక్క తీస్తే అడగడానికి బలం ఉంటుంది. ఆ లెక్క తీయడం కన్నా డాక్టరేట్‌కు తగిన పని ఏముంది?

అందుకే మేము అడుగుతున్నాం:

1. నది మత్స్యకారుల బతుకుపై పరిశోధనలకు ప్రత్యేకంగా సీట్లు, నిధులు కేటాయించాలి.

2. వివరాలు సేకరించిన ఊళ్లోనే, తెలుగులో, గ్రామసభలో ఫలితం చెప్పాకే పట్టా ఇవ్వాలి.

3. వేట సాగని రోజులకు నది మత్స్యకారులకూ భృతి ఇవ్వాలి.

కాలువ చివరి భూమికి నీళ్లు రాకపోతే మనం రోడ్డెక్కుతాం. వల వేసేవాళ్లు కొద్దిమంది, వాళ్ల గొంతు ఒక్కటే అయితే ఎవరికీ వినపడదు. నీళ్లు ఒకే నదివి. వాళ్ల పక్కన మనం నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు?