షోలాపూర్ చద్దరు పేరు నిలపండి

పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కంట్రోలర్ జనరల్ గారికి,

తెలంగాణ పల్లెల నుంచి వలస వచ్చిన మా పద్మశాలి పెద్దల కష్టంతో షోలాపూర్ చద్దరుకు పేరొచ్చింది, భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయినా ఎక్కడో నేసిన పలచని సరుకుకు మా ఊరి లేబుల్ కుట్టి అమ్ముతున్నారు. ఎవరి ట్రేడ్‌మార్కు వారు కాపాడుకుంటారు. ఊరి పేరు అందరిదీ కదా, దాని కోసం కోర్టుకెక్కే స్తోమత నాలుగు సాంచాల (మరమగ్గాల) ఆసామికి ఎక్కడిది?

1999 భౌగోళిక గుర్తింపుల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, సోదాకు ముందు పోలీసులు రిజిస్ట్రారుగా మీ అభిప్రాయం తీసుకోవాలి. అది ఆలస్యమైతే నకిలీ సరుకు గోదాము దాటిపోతుంది. వెంటనే ఇప్పించండి.

ఈ పేరు వాడుకునే హక్కు కోసం నేతన్నలు కట్టే అధీకృత వినియోగదారుల నమోదు రుసుము 2020లో 10 రూపాయలకు తగ్గించారు, సంతోషం. ఆ ఫారాలు నింపించడానికి మా పేటల్లోనే తెలుగు, మరాఠీల్లో శిబిరం పెట్టించండి.

ఇట్లు,
షోలాపూర్ నేతన్న