ఈ సెలవుల్లో బాగోతానికి పోదామా?

పిల్లలూ! సెలవులివ్వగానే బాసరకో, నిజాంసాగరుకో ప్రయాణం కట్టడం మన నిజామాబాదు వాళ్ళకు మామూలే. ఈసారి ప్రయాణంలో ఒక పూట నాటకానికి ఉంచమని మీ నాన్నగారిని అడగండి. సినిమా కాదు సుమా! మనుషులు మీ కళ్ళ ఎదుట నిలబడి, ఆడి, పాడే నాటకం.

"మన వైపు నాటకాలెక్కడివి?" అంటారేమో. నిజామాబాదుకు పాతిక కిలోమీటర్ల దూరంలో బోధను ఉన్నది. బోధను అనగానే పెద్దవాళ్ళకు చెరకు బండ్లూ, 1937లో వెలసి 2015లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకు వస్తాయి. ఆ బోధను పక్కనే అమ్దాపూర్ అనే ఊరు ఉన్నది. చిందు బాగోతంలో ఎంతో పేరు పొందిన చిందుల ఎల్లమ్మ ఆ ఊరిదే. ఆమె చిన్నతనంలోనే వేషం కట్టింది. ఆడ వేషాలే కాదు, మగ వేషాలు కూడా వేసి మెప్పించింది. 2005లో కన్నుమూసింది.

చిందు అంటే గెంతుతూ వేసే అడుగు. ఆ అడుగును బట్టే ఆటకు ఆ పేరు వచ్చింది. చిందు మేళంలో అందరూ ఒకే కుటుంబం వాళ్ళు, బంధువులు. తండ్రి మద్దెల వాయిస్తే, తల్లి వేషం కడుతుంది, కొడుకు తాళం వేస్తాడు. పూర్వం ఒక్కొక్క మేళానికి కొన్ని గ్రామాలు వంతుగా ఉండేవి. పంట చేతికి వచ్చాక ఆ ఊళ్ళకు వెళ్ళి, రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా సారంగధర, చెంచులక్ష్మి, ప్రహ్లాద వంటి కథలు ఆడేవాళ్ళు. రాజు తలమీద మెరిసే కిరీటం, భుజకీర్తులు లోహంతో చేసినవి కావు. తేలికైన కొయ్య చెక్కి, రంగులు వేసి, అద్దం ముక్కలు అతికిస్తారు. బరువైనవి పెట్టుకుంటే రాత్రంతా చిందు వెయ్యడం ఎవరి తరం?

ఒక మాట పెద్దలతో చెప్పాలి. "నీ బాగోతం బయటపెడతాను" అని మనం కోపంలో అంటూ ఉంటాం. ఎంతో నేర్పు కావలసిన విద్య పేరు తిట్టుగా మారిపోయింది! ఈ కళాకారులను ఊరు ఒకప్పుడు ఊరి అంచునే ఉంచింది; ఆట చూసింది గాని, పక్కన కూర్చోబెట్టుకోలేదు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదులు మంచివే. అయితే ఆట ముందు పది మంది పిల్లలు కూర్చోకపోతే, ఆ ఇంటి పిల్లవాడు మాత్రం తాళం ఎందుకు పడతాడు?

ప్రయాణం హైదరాబాదుకైతే సురభి వాళ్ళ నాటకం ఎక్కడ ఆడుతున్నారో ముందుగా కనుక్కోండి. సురభి వాళ్ళ పెద్దలు తోలుబొమ్మలు ఆడించేవాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళికి, బొమ్మలు పక్కన పెట్టి, తామే తెర ముందుకు వచ్చి "కీచకవధ" ఆడారు. వనారస గోవిందరావు ఆ సమాజానికి మూలపురుషుడు. ఇక్కడ కూడా ఇంటిల్లిపాదీ నటులే.

సురభి వాళ్ళ యుద్ధం చూసి తీరాలి. ఇటు నుంచి ఒక బాణం, అటు నుంచి ఒక బాణం బయలుదేరి, నడిమధ్యన ఢీకొని నిప్పులు రాలుస్తాయి! నారదుడు గాలిలో తేలి వస్తాడు. ఇది మంత్రం కాదు, తీగలూ కప్పీల పని. సన్నని తీగ ఉన్నదని తెలిసినా ఎందుకు కనిపించదు? ఒక వస్తువు మన కంటికి కనిపించాలంటే, దాని వెనక ఉన్నదానికీ దానికీ రంగులోనో వెలుగులోనో తేడా ఉండాలి. నల్లని దారాన్ని తెల్లగోడ ముందు పట్టుకోండి, తరువాత నల్లగొడుగు ముందు పట్టుకోండి, మీకే తెలుస్తుంది. దానికితోడు మెరిసే బాణం మీదనే మీ చూపంతా ఉంటుంది.

జపానులో "కబుకి" అనే నాటకం ఉన్నది. అందులో నల్లబట్టలు వేసుకున్న మనుషులు అందరూ చూస్తూండగానే వచ్చి సామాను సర్దిపోతారు. ప్రేక్షకులు మాత్రం, వాళ్ళు అక్కడ లేనట్టే ఊరుకుంటారు. మన ఆటలో కూడా ఇద్దరు మనుషులు ఒక బట్ట పట్టుకుని నిలబడితే అదే తెర; ఆ ఇద్దరినీ ఎవరూ లెక్కపెట్టరు.

అమ్మలకూ నాన్నలకూ మరొక రెండు మాటలు. కథ ముందే పిల్లలకు చెప్పి తీసుకువెళ్ళండి. కథ తెలిస్తే ఆట రుచి తగ్గదు. కీచకుడు ఎప్పుడు వస్తాడా అని పిల్లలు కాచుకుని ఉంటారు. మరీ చిన్నవాళ్ళు రాక్షసుడి కేకకు జడుసుకోవచ్చు, అందుచేత వాళ్ళతో వరస చివర కూర్చోండి. సకినాలు సంచిలో ఉంచండి గాని, మధ్యలో తియ్యకండి. సినిమాలో మనిషికి మీరు నమిలే చప్పుడు వినపడదు. నాటకంలో ధర్మరాజుకు వినపడుతుంది! ఫోనులో పట్టుకుని తరువాత చూద్దామనుకుంటే, బాణాలు ఢీకొనే ఆ ఒక్క క్షణం పోతుంది.

ఆట అయ్యాక తొందరపడి బస్సు కోసం పరుగెత్తకండి. వేషం తీస్తున్న వాళ్ళ దగ్గరికి పెద్దలతో కలిసి వెళ్ళి, నమస్కారం చేసి, కిరీటాన్ని ఒకసారి చేత్తో ఎత్తి చూడవచ్చునా అని అడగండి. మీ వయసు నటుడు ఉంటే, ఎప్పటి నుంచి వేషం కడుతున్నాడో, బడి ఎట్లా సాగుతున్నదో కనుక్కోండి. అన్నట్టు, బాణానికి కట్టిన తీగ ఎవరికైనా కనిపిస్తే, ఏ వరసలో, ఏ పక్కన కూర్చుంటే కనిపించిందో మాకు కార్డు రాయండి.