ముందు రంధ్రాలు లెక్కపెట్టండి

ఎడపల్లిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు తన నోటు పుస్తకం తెచ్చి నాకు చూపించాడు. అందులో ఒక జలాంతర్గామి బొమ్మ ఉంది. దాన్ని ఇంట్లోనే కట్టి అలీసాగర్ జలాశయంలో మునగాలని అతని ఆశ. నూనె పీపా, దానికొక తలుపు, చూడటానికి అద్దాలు, వెనుక తిరిగే పంకా, అన్నీ గీశాడు. "రేకు ఎంత మందం ఉండాలి సార్?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. కాని అది రెండో ప్రశ్న అని నా అభిప్రాయం. మొదట అడగవలసింది, "నా పీపాకు ఎన్ని రంధ్రాలున్నాయి? ఒక్కొక్కటి ఎందుకుంది?" అని.

జలాంతర్గామిని ఇంటి దగ్గర కట్టుకోవడం పగటికల కాదు. అమెరికాలో జార్జి కిట్రెజ్ అనే విశ్రాంత నౌకాదళ అధికారి చిన్న జలాంతర్గాముల నమూనాలు గీసి అమ్మేవాడు. వాటిని చూచి సొంతంగా కట్టుకున్నవారున్నారు. వాళ్ళకు ఎక్కువ శ్రమ కలిగించేది గుల్ల కాదు. గుండ్రని ఉక్కు గుల్లకు ఎంత మందం కావాలో లెక్క కట్టవచ్చు. ఆ గుల్లను తొలిచి మనం అమర్చే తలుపులు, అద్దాలు, గొట్టాలు, ఇరుసులు, తీగలు ఉన్నాయి చూడండి, అసలు పని అక్కడ ఉంది.

ఎందుకంటే, 10 మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు ఒక కిలోగ్రాము బరువు అదనంగా పడుతుంది. 50 సెంటీమీటర్ల వ్యాసం గల తలుపు మీద ఎంత పడుతుందో మీరే లెక్క వేయండి. దాదాపు 2 టన్నులు! నిండా చెరకు వేసిన బండిని దాని మీద నిలబెట్టినట్టే. అదే లోతులో ఒక సెంటీమీటరు వ్యాసం గల చిన్న రంధ్రం ఊడిపోయిందనుకోండి. నిమిషానికి సుమారు 40 లీటర్ల నీరు లోపలికి దూకుతుంది. అంటే మూడు బిందెలు.

అందువల్ల మంచి అమరికకు ఒక సూత్రముంది. నీరు ఎంత గట్టిగా నెడితే మూత అంత గట్టిగా బిగుసుకోవాలి. తలుపు లోపలి వైపుకు తెరుచుకునేదైతే ఆ 2 టన్నులనూ బోల్టులే మోయాలి. అదే తలుపు బయటి నుంచి వచ్చి ఒక ఇనుప కడియం మీద కూర్చుంటే, నీరే దాన్ని అదిమి పట్టుకుంటుంది. లోతు అన్వేషకుడు అగస్త్ పికార్డ్ తన నౌక కిటికీలను కోసిన శంకువు ఆకారంలో చేయించాడు. వెడల్పు ముఖం నీటి వైపు, సన్న ముఖం లోపలి వైపు. నీరు నెట్టేకొద్దీ, సీసా మూతిలో బిరడా దిగినట్లు అది తన గూటిలో బిగుస్తుంది.

ఇది నేర్చుకోవడానికి సముద్రం దాకా పోనక్కరలేదు. ఎడపల్లికి దగ్గరలోనే బోధన్‌లో, 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం ఉంది. 2015లో అది మూతబడింది. చక్కెర పాకాన్ని మామూలు గాలి పీడనంలో కాచితే 100 డిగ్రీలు దాటి రంగు మారుతుంది. అందుకని చక్కెర మిల్లుల్లో పెద్ద మూసిన పాత్రలోని గాలిని లాగివేసి, 70 డిగ్రీల లోపలే మరిగిస్తారు. దాన్ని వాక్యూమ్ పాన్ అంటారు. లోపల దాదాపు శూన్యం, బయట గాలి బరువు. అంటే అది 8, 9 మీటర్ల నీటి క్రింద ఉన్న జలాంతర్గామి వంటిదే! దానికీ చూపు అద్దాలున్నాయి, రబ్బరు గాస్కెట్లున్నాయి, కవాటాలున్నాయి. లోపలి శూన్యం చెడకుండా పాకం నమూనాను బయటకు తీసే ప్రూఫ్ స్టిక్ అనే కడ్డీ కూడా ఉంది. అటువంటి పాన్‌ల దగ్గర పనిచేసిన ఫిట్టర్లు, పాన్‌మన్‌లు మీ వీధిలోనే ఉండవచ్చు. గాస్కెట్టు ఎందుకు కారుతుందో, బోల్టులను ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని ఎందుకు బిగించాలో వారి చేతులకు తెలుసు. ఫిట్టరు పనిని చిన్నచూపు చూసేవాడు జలాంతర్గామి కట్టలేడు.

అయితే ఒక తేడా ఉంది. పాన్‌లో గాలి చొరబడితే పాకం పాడవుతుంది. జలాంతర్గామిలో నీరు చొరబడితే ప్రాణాలు పోతాయి. 1939 జూన్ 1న థీటిస్ అనే కొత్త బ్రిటిష్ జలాంతర్గామి పరీక్ష కోసం లివర్‌పూల్ దగ్గర సముద్రంలో మునిగింది. టార్పెడో గొట్టంలో నీరుందో లేదో చూడటానికి దాని లోపలి తలుపుకు ఒక చిన్న పరీక్ష రంధ్రం ఉండేది. ఎవరో వేసిన రంగు ఆ రంధ్రంలో గడ్డకట్టింది. తెరిచి చూస్తే చుక్క నీరు రాలేదు. గొట్టం ఖాళీ అనుకుని తలుపు తీశారు. సముద్రం లోపలికి వచ్చింది. 103 మందిలో 99 మంది మరణించారు. గుల్ల గట్టిదే, తప్పు ఒక చిన్న రంధ్రంలో ఉంది.

కాబట్టి ప్రతి రంధ్రాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. నీవు లేకపోతే పని జరగదా? నీటి పీడనం నిన్ను బిగిస్తుందా? నీవు విఫలమైతే నీ వెనుక రెండో అడ్డు ఏది? జవాబు చెప్పలేని రంధ్రాన్ని బొమ్మలోంచి కొట్టివేయండి.

"నీరే తలుపును అదిమి పట్టుకుంటే ఆపదలో బయటికి రావడమెలా?" అని మీరు అడగవచ్చు. సరైన సందేహమే. లోతులో ఆ తలుపు తెరుచుకోదు. అందుకే అడుగున ఒక బరువును తగిలించి, లోపలి నుంచి పిడి తిప్పితే అది ఊడిపడేటట్లు చేస్తారు. బరువు పోతే నౌక తేలుతుంది. ఆ పిడి ఇరుసుకూ ఒక రంధ్రం కావాలి. ఆ రంధ్రం మాత్రం తప్పక ఉండవలసిందే.

ఆ కుర్రవాడూ నేనూ కూర్చుని అతని బొమ్మలో లెక్కపెట్టాం. తలుపు, రెండు అద్దాలు, పంకా ఇరుసు, చుక్కాని ఇరుసు, తీగ, నీటి గొట్టం, గాలి గొట్టం. మొత్తం 8. అద్దపు గుమ్మటాన్నే తలుపు చేస్తే మూడింటి బదులు ఒకటి చాలు. రెండు మోటార్లను బయటే చెరొక ప్రక్కన పెడితే ఇరుసులూ చుక్కానీ అక్కరలేదు. నీటి తొట్లు గుల్ల బయట ఉంటే నీటి గొట్టమూ వద్దు. బరువు విడిచే పిడిని కలిపినా 4 మిగిలాయి.

అతన్ని అలీసాగర్‌లో మునగమని మాత్రం నేను చెప్పలేదు, మీకూ చెప్పను. పీపా చదునైన మూతలు ఆ బరువుకు నలిగిపోతాయి. ముందు మరమూత ఉన్న ఒక స్టీలు సీసా తీసుకోండి. అందులో పొడి కాగితం పెట్టి, రాయి కట్టి, పెద్దవారిని తోడు తీసుకుని బావిలోకి తాడుతో దించండి. ఒక గంట తర్వాత పైకి లాగి కాగితం చూడండి. అది తడిస్తే ఎక్కడ తడిసిందో వెదకండి. ఆ కాగితం పదిసార్లు పొడిగా వచ్చిన తర్వాత రేకు మందం గురించి మాట్లాడుకుందాం.