ఇరుపక్షాల మాట

అమలాపురం నుండి ప్రభుత్వోద్యోగి అయిన ఒక సోదరుడు మమ్మల్ని అడిగారు: సంజాయిషీ కోరకుండానే సస్పెండ్ చేయడం న్యాయమేనా?

చట్టం దృష్టిలో సస్పెన్షన్ శిక్ష కాదు. కనుక ముందుగా వాదన వినడం తప్పనిసరి కాదు. ఉద్యోగం నుండి తొలగించడానికైతే, కొన్ని మినహాయింపులు తప్ప, రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం వినవలసిందే. కానీ ఇరుగుపొరుగు ఈ తేడా చూడరు. ఆ ఇంటికి అది నాడే శిక్ష.

హజ్రత్ అలీ (రజి)ని న్యాయనిర్ణేతగా యమన్ పంపుతూ, రెండవ పక్షం మాట కూడా వినేవరకు తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఒక్క ఫిర్యాదుతో ఇమామును ఆపివేసే మన మస్జిద్ కమిటీలకు ఇది గుర్తుందా?

మూడు నెలల్లో అభియోగపత్రం అందకపోతే సస్పెన్షన్ కొనసాగరాదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సోదరుడు ఉత్తర్వు తేదీ నుండి రోజులు లెక్కించుకోవాలి. జీవనభృతికి నేడే దరఖాస్తు చేసుకోవాలి.