వైరు మనమే కొనాలి



మా ఇంటి సంగతే చెప్తాం. సెలవులకి హాస్టల్ నుంచి వెళ్ళేసరికి కొత్తింటి వైరింగ్ అయిపోయింది. పాడేరు నుంచి వచ్చిన కరెంటు మేస్త్రి సామాను తనే తెస్తానన్నాడట, నాన్న డబ్బులు చేతిలో పెట్టేశాడు. బిల్లు అడగడానికి మొహమాటం. మెయిన్ ఆపి బోర్డు విప్పి చూశాం. ప్లగ్గులకి 2.5 ఎంఎం వైరు వేయాల్సింది, లైట్లకి వేసే 1 ఎంఎం లాగేశాడు. ఎర్తు వైరే లేదు. గోడలు పూత కూడా అయిపోయాయి. ఇప్పుడు నీళ్ళ హీటర్ పెట్టాలంటే అమ్మకి భయం.

అందుకే మేమనేది, లిస్టు మేస్త్రి రాయాలి, కొనేది మనమే. ముఖ్యంగా వైరు, ఎంసీబీ, ఎర్తింగ్ సామాను. వైరు మీదే సైజు, ఐఎస్ 694 అని అచ్చు ఉంటుంది, చదువుకున్నోళ్ళం ఆ మాత్రం చూడలేమా? టేపు, స్క్రూలు ఆయనకే వదిలేద్దాం, వాటికోసం ఒక రోజు కూలి పోగొట్టుకోలేం.

మేస్త్రీలందరూ దొంగలని కాదు. ఐటీఐ చేసిన మన తమ్ముళ్ళే ఈ పనిలో ఉన్నారు. సామాను మీద మిగిలేది పోతే కూలి ఎక్కువ అడుగుతారు, ఇవ్వాలి. కుదిరితే ఆయన్నీ షాపుకి తీసుకెళ్ళండి, తప్పు సామాను తెస్తే మళ్ళీ తిరగాల్సింది మనమే.

ఎవరింట్లో వైరింగ్ జరుగుతున్నా గోడ పూడ్చకముందే వైరు ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.