టీబీ మందు వరి మడికి ఎందుకన్నా?

పోస్టు కొంచెం పొడుగుంది, నిదానంగా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కానీ చదివి తిట్టండి.

మొన్న మా సోనా మడిలో ఆకు కొసలు పసుపు తిరిగి అంచుల వెంబడి ఎండుకుంటా వచ్చినాయి. తెల్లారి పోయి చూస్తే అంచున పాలచుక్కల మాదిరి జిగురు. బాక్టీరియా ఎండాకు తెగులు. మందులంగడికి పోతే ఎప్పటిమాదిరే ఆరు గ్రాముల ప్యాకెట్టు చేతిలో పెట్టినాడు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడి. దాని పక్కనే ఇంకో సీసా. "ఇది బయో అన్నా, రెండూ కలిపి కొట్టు" అన్నాడు. ఆ సీసాలో ఏ బాక్టీరియా ఉందో, ఎంత ఉందో ఒక్క అక్షరం లేదు. రెండూ అక్కడే పెట్టి వచ్చినాను.

స్ట్రెప్టోమైసిన్ అంటే టీబీకి మొదట పనిచేసిన మందు. 1943లో మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచే తీసినారు. అంటే అదీ "సహజమే". కాబట్టి సీసా మీద సహజం అని రాసినంత మాత్రాన దండం పెట్టాల్సిన పనిలేదు. ఆ మందు బాక్టీరియా లోపల ఒక్క చోటే దెబ్బ కొడతాది. అక్కడ చిన్న మార్పు వస్తే చాలు, బాక్టీరియా తప్పించుకుంటాది. అట్లా మొండికేసే గుణం ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి కూడా పోతాది. మడిలో మనం పెంచిన మొండితనం రేపు ఆసుపత్రి మంచం మీద మన పిల్లోళ్ళకే అడ్డం పడొచ్చు. అందుకే 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం సేద్యంలో ఈ రెండు మందులూ ఆపాలని ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. మహానంది కోనేట్లో అడుగున పడిన రూపాయి బిళ్ళ కనపడేంత తేటగా నీళ్ళు ఉంటాయని మనమే గొప్పగా చెప్పుకుంటాం. ఆ నీళ్ళే కిందికి మన చేలకు పారతాయి. వాటిలో మనం కలిపేది ఇదా?

"మరి ఏం కొట్టాల?" అంటారు. చెప్తా.

తామరాకు మీద నీటిబొట్టు నిలవదు కదా. కుంకుడు రసం కలిపితే ఆ బొట్టు పరుచుకుంటాది. మందులో స్టిక్కర్ కలిపేది కూడా అందుకే. ఇట్లాంటి సబ్బు గుణమున్న పదార్థాన్ని కొన్ని బాక్టీరియాలు సొంతంగా తయారు చేసుకుంటాయి. బాసిల్లస్ సబ్టిలిస్ చేసేదాని పేరు సర్ఫాక్టిన్. 1968లో జపాన్ వాళ్ళు కనుక్కున్నారు. అది శత్రువు పైపొరలోకి దూరి చిల్లులు పెడతాది. ఒక్క తాళం మార్చుకున్నంత సులభంగా పైపొర మొత్తం మార్చుకోవడం కుదరదు, కాబట్టి మొండికెయ్యడం కష్టం. 2004లో అమెరికాలో ఒక చిన్న మొక్క మీద చూసినారు. సర్ఫాక్టిన్ చేసే బాసిల్లస్ వేరు చుట్టూ పొరకట్టి తెగులు బాక్టీరియాను ఆపింది. సర్ఫాక్టిన్ చేయలేని బాసిల్లస్ ఆపలేకపోయింది.

ఇది విని రేపే డ్రమ్ముల్లో బెల్లం పోసి కూర్చోవద్దు. వరి తెగులు బాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటాది, ఒట్టి సర్ఫాక్టిన్ దానికి చాలదు. బతికున్న బాసిల్లస్ అయితే దాంతోపాటు వేరే ఆయుధాలు కూడా వాడుతుంది. శుద్ధి చేసిన సర్ఫాక్టిన్ తీయాలంటే ఖర్చు ఎక్కువ, దిగుబడి తక్కువ, పైగా ట్యాంకు నిండా నురగ. మనకు కావాల్సింది శుద్ధి చేసిన పొడి కాదు, ప్రాణమున్న మంచి బాక్టీరియా. ఏది పడితే అది పెంచితే కూడా ప్రమాదమే. రామ్నోలిపిడ్ అనే ఇంకో సబ్బును బాగా చేసే సూడోమోనాస్ ఎరుగినోసా మనిషికి పుండ్లలో చీము పట్టించే రకం.

ఇంక మన తప్పు. బయో ప్యాకెట్టును రాగి మందుతో, యాంటీబయాటిక్‌తో ఒకే ట్యాంకులో కలిపి కొడతాం. కూలికి పిలిచినోణ్ణి గడపలోనే కొట్టి చంపి, పని చేయలేదని తిట్టినట్టు. సూడోమోనాస్‌కు బాసిల్లస్ మాదిరి గట్టి విత్తు కణం ఉండదు. మే నెలలో రేకుల కింద పెట్టిన ప్యాకెట్టులో అది చచ్చే ఉంటాది. అయినా మనం తేదీ చూడం, అంగడాయన ఎక్కడ పెట్టినాడో అడగం.

ముదిరిన తెగులుకు ఏ పొడీ ఎండిన ఆకును పచ్చగా చేయదు. ఇంకో రెండు బస్తాల యూరియా చల్లితే తెగులుకు విందు పెట్టినట్టే. తెగులున్న మడి నీళ్ళు పక్క మడికి వదలొద్దు. బీపీటీ 5204కు ఈ తెగులు తట్టుకునే గుణం ఎక్కించి హైదరాబాదు శాస్త్రవేత్తలు ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని 2008లోనే ఇచ్చినారు. విత్తనం కొనేటప్పుడు దాన్ని అడిగినోళ్ళు మనలో ఎంతమంది?

మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది, నంద్యాలలో పరిశోధనా స్థానం ఉంది. ఇద్దరం ముగ్గురం కలిసి పోదాం. మన మట్టిలో బాసిల్లస్ ఏ రకం ఉంది, అది మన వరికి, అరటికి పనికొస్తుందా, మన చేలోనే పెట్టి చూపించండి అని అడుగుదాం. అంగట్లో మూడు మాటలు అడుగుదాం: ఏ బాక్టీరియా, గ్రాముకు ఎన్ని కోట్లు బతికున్నాయి, తేదీ ఎప్పుడు. జవాబు లేని సీసాకు డబ్బులు లేవు.

నేను ఈ కారు నుంచి ఆరు గ్రాముల ప్యాకెట్టు మానేసినాను. మీరు?