డాక్టరు వద్దంటే వినండి

పెళ్లిచూపుల లోపే అమ్మాయి కళ్లద్దాలు తీయించాలని తొందరపడే తల్లిదండ్రులున్నారు. డాక్టరు పరీక్షచేసి లేజర్ ఆపరేషన్ వద్దంటే, చేసేవారిని వెతుక్కుంటూ మరోచోటికి వెళ్తారు. ఇది ప్రమాదం.

నల్లగుడ్డు మీద గాజులా ఉండే పొరే కార్నియా. దాని మందం సుమారు అర మిల్లీమీటరే. లాసిక్‌లో అది ఇంకా పలుచనవుతుంది. పొర ముందే బలహీనంగా ఉంటే, నెలలకో ఏళ్లకో ముందుకు ఉబ్బి చూపు చెదరవచ్చు. ఈ ఎక్టేషియా అరుదే. కాని 1998 నుండీ వైద్యులు హెచ్చరిస్తున్నదే. రైబోఫ్లేవిన్ చుక్కలు, అతినీలలోహిత కాంతితో చేసే చికిత్స ఉబ్బును చాలావరకు ఆపుతుంది గాని, పోయిన చూపును పూర్తిగా తేలేదు. కొందరికి కార్నియా మార్పిడే గతి.

కనుక ముందుగా కార్నియా ఆకృతి, మందం పరీక్షలు తప్పక చేయించండి. వద్దన్న డాక్టరుకు కృతజ్ఞతలు చెప్పండి. కళ్లద్దాలు లోపం కాదు.